మంచు కొండల ట్రెక్కింగుకు వెచ్చని గ్లౌజులు ఎంచుకోవడం: కొలత తీసుకోవడం నుంచి శిఖరం ఎక్కే రోజు దాకా

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ వంటి మంచు ట్రెక్కులకు మన ఊళ్ల నుంచి వెళ్లేవారు బూట్ల గురించి, జాకెట్ గురించి ఎంతో ముందుగా ఆరా తీస్తారు. గ్లౌజుల విషయానికి వచ్చేసరికి మాత్రం ప్రయాణానికి ముందు రోజు కంటికి మందంగా కనిపించిన జతను కొని సంచిలో వేసుకుంటారు. సుమారు 3,800 మీటర్ల ఎత్తున్న కేదార్‌కంఠ శిఖరానికి తెల్లవారకముందే, చీకట్లోనే బయలుదేరాలి. ఆ వేళలో మైనస్ 10 డిగ్రీల చలి ఉండటం అక్కడ మామూలే. ఆ చలిలో ఒక్క మందపాటి జత చాలదు. ఒకదాని మీద ఒకటి తొడుక్కోగలిగిన, విడివిడిగానూ వాడుకోగలిగిన మూడు జతలు కావాలి. వాటిని ఎలా ఎంచుకోవాలో, కొన్నాక ఎలా పరీక్షించాలో, కొండ మీద ఏ క్రమంలో వాడాలో కింద వివరిస్తున్నాను.

1. వేళ్లకు చలి ముందుగా ఎందుకు సోకుతుంది

శరీరం మధ్యభాగం చల్లబడటం మొదలైన వెంటనే గుండె, ఊపిరితిత్తులు, మెదడుకు వెచ్చదనం తగ్గకుండా చూసేందుకు చేతులు, కాళ్ల రక్తనాళాలు కుంచించుకుపోతాయి. వేళ్లలో వేడిని పుట్టించే కండరాలు లేవు. వేళ్లను కదిలించే కండరాలు చాలావరకు ముంజేతిలో ఉంటాయి. పైగా వేలు సన్నగా ఉండటం వల్ల దాని పరిమాణంతో పోలిస్తే గాలికి తగిలే చర్మం ఎక్కువ.

గ్లౌజు వేడిని పుట్టించదనే మాట ఎంపిక మొత్తానికి ఆధారం. చేతికి రక్తం తెచ్చిన వేడిని, పొరల మధ్య చిక్కుకున్న గాలి సాయంతో అది నిలిపి ఉంచుతుంది, అంతే. కాబట్టి గ్లౌజు బిగుతుగా ఉంటే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి: లోపలి గాలి పొర అణిగిపోతుంది, రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. గ్లౌజు తడిస్తే గాలి ఉండాల్సిన చోట నీరు చేరి, వేడిని వేగంగా బయటికి లాగేస్తుంది.

గాలి వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మైనస్ 10 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే, చర్మానికి అది దాదాపు మైనస్ 20 డిగ్రీల చలిలా తగులుతుంది. శిఖరం కింది గట్టు మీద అటువంటి గాలి అరుదేమీ కాదు.

2. కొనేముందు చేతులు చేయబోయే పనులు రాసుకోండి

దుకాణానికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని, ట్రెక్కులో ఒక రోజున మీ చేతులు ఏయే పనులు చేస్తాయో రాయండి. ఈ జాబితా లేకపోతే అమ్మేవారు చూపించిందే కొనాల్సి వస్తుంది.

- ట్రెక్కింగు కర్రలను గంటల తరబడి పట్టుకోవడం
- బూట్లకు మైక్రోస్పైకులు (మంచు మీద జారకుండా బూటు అడుగున తగిలించుకునే చిన్న ముళ్ల పట్టీలు) తగిలించడం, విప్పడం
- గెయిటర్ల (బూటులోకి మంచు పోకుండా పిక్కల చుట్టూ వేసుకునే తొడుగుల) జిప్పు, బూట్ల లేసులు సరిచేయడం
- నీళ్ల సీసా మూత తిప్పడం
- తలకు కట్టుకున్న దీపాన్ని వెలిగించడం, బ్యాటరీ మార్చడం
- ఫోను తీసి ఫొటో తీయడం
- గుడారం జిప్పు లాగడం, మంచు మీద చేతులు ఆనించి లేవడం

ఇప్పుడు ఒక్కో పనికి ఎదురుగా, వేళ్లు విడిగా కదలాలా లేక పట్టు ఉంటే చాలా అన్నది గుర్తు పెట్టండి. లేసులకు, బ్యాటరీకి వేళ్లు కదలాలి. కర్రలు పట్టుకోవడానికి పట్టు ఉంటే సరిపోతుంది. మంచు మీద చేయి ఆనించాలంటే తడి ఆపే పొర కావాలి. ఇన్ని పనులకు ఒకే జత ఎందుకు సరిపోదో ఆ కాగితమే చెబుతుంది.

ఆరోగ్యానికి సంబంధించిన విషయాలను కూడా ఇక్కడే చూసుకోవాలి. చలికి వేళ్లు తెల్లబడి నొప్పి పుట్టే రేనాడ్స్ సమస్య ఉన్నవారు, మధుమేహం వల్ల వేళ్లలో స్పర్శ తగ్గినవారు, గతంలో ఒకసారి మంచుకాటుకు (చలికి చర్మం, దాని కింది కణజాలం గడ్డకట్టడం) గురైనవారు ముందుగా వైద్యుల సలహా తీసుకోవాలి. బయటి పొరగా మిట్టెన్లనే (బొటనవేలు తప్ప మిగతా వేళ్లన్నీ ఒకే అరలో ఉండే రకం) ఎంచుకోవాలి. స్పర్శ తగ్గిన వేలికి ప్రమాదం ముంచుకొచ్చినా తెలియదు కాబట్టి ఈ జాగ్రత్తను తేలిగ్గా తీసుకోకూడదు.

3. మూడు పొరలను ఎంచుకోండి

3.1 లోపలి పొర: పలుచని లైనర్లు

ఇవి చర్మానికి ఆనుకుని ఉంటాయి, రోజంతా చేతికే ఉంటాయి. చెమటను పీల్చి బయటికి పంపడం వీటి పని. మెరీనో ఉన్ని గానీ, పాలిస్టర్ గానీ అయి ఉండాలి. ఉన్ని కొంత తేమను పీల్చుకున్నాక కూడా వెచ్చగానే ఉంటుంది, వాసన త్వరగా పట్టదు. పాలిస్టర్ తొందరగా ఆరుతుంది, ధర తక్కువ.

నూలు లైనర్లు మాత్రం వద్దు. ఎండాకాలంలో బండి నడిపేటప్పుడు వేసుకునే నూలు గ్లౌజులు ఇంట్లో ఉన్నాయి కదా అని చాలామంది వాటినే పెట్టుకుంటారు. అవి చెమటకు తడిసి, గంటల తరబడి ఆరకుండా చేతిని చల్లబరుస్తాయి.

లైనర్లు రెండు జతలు కొనండి. ఈ మొత్తం అమరికలో తప్పక తడిసేవి ఇవే. ఆరిన జత సంచిలో ఒకటి ఉంటే మిగతా రెండు పొరలు కూడా తమ పని సరిగ్గా చేస్తాయి. డబ్బు పరిమితంగా ఉంటే పై పొరను అద్దెకు తెచ్చుకోండి గానీ లైనర్లు మాత్రం సొంతవే ఉండాలి.

3.2 మధ్య పొర: వెచ్చదనం ఇచ్చేది

మందపాటి ఫ్లీస్ (మెత్తని నూగున్న కృత్రిమ గుడ్డ) గ్లౌజులు గానీ, దట్టంగా అల్లిన ఉన్ని గ్లౌజులు గానీ ఇందుకు సరిపోతాయి. చలికాలంలో మన పట్టణాల్లో రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మేవారి దగ్గర దొరికే గ్లౌజుల్లో ఎక్కువ భాగం అక్రిలిక్ దారంతో అల్లినవి. వాటి అల్లికలోంచి గాలి సులువుగా దూరుతుంది కాబట్టి విడిగా పనికిరావు. గాలిని ఆపే పై పొర కింద వేసుకుంటే కొంతవరకు పనిచేస్తాయి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూసినప్పుడు అల్లికలోంచి వెలుగు చుక్కలు కనిపిస్తే ఆ జతను వదిలేయండి.

ఎండ ఉన్న పగటిపూట దేవదారు, ఓక్ చెట్ల మధ్య ఎక్కుతున్నప్పుడు లోపలి, మధ్య పొరలు రెండూ ఉంటే చాలు. చాలాసార్లు లైనరు ఒక్కటే సరిపోతుంది.

3.3 పై పొర: గాలిని, తడిని ఆపేది

ఇది బాగా వదులుగా, ముంజేతి దాకా పొడవుగా ఉండాలి. ఇందులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి వెచ్చదనం లేని పలుచని కవచం, రెండోది లోపల దూది వంటి కృత్రిమ నార నింపినది. శిఖరం రోజు కోసం రెండోదాన్నే ఎంచుకోవాలి. ఈకలు నింపిన గ్లౌజులు పొడి చలిలో చాలా వెచ్చగా ఉంటాయి, కానీ తడిస్తే ముద్దకట్టి వెచ్చదనాన్ని దాదాపు కోల్పోతాయి. రోజంతా మంచును తాకే ట్రెక్కులో కృత్రిమ నారే నమ్మదగినది.

అరచేతి భాగంలో మేక తోలు ఉంటే కర్ర మీద పట్టు బాగుంటుంది, త్వరగా అరగదు. దానికి అప్పుడప్పుడు తోలు మైనం పట్టించాలి. తోలు వాడనివారికి కృత్రిమ తోలుతో చేసినవి దొరుకుతాయి.

4. పై పొర గ్లౌజులా, మిట్టెన్లా

బొటనవేలు ఒక అరలో, మిగిలిన నాలుగు వేళ్లూ కలిసి మరో అరలో ఉండేవి మిట్టెన్లు. వేళ్లు ఒకదాని వెచ్చదనాన్ని మరొకటి పంచుకుంటాయి, గాలికి తగిలే వైశాల్యం తగ్గుతుంది. కాబట్టి ఒకే మందంలో చూస్తే గ్లౌజుల కన్నా మిట్టెన్లే వెచ్చన. వీటితో లేసు కట్టలేరు, బ్యాటరీ మార్చలేరు.

నా సలహా స్పష్టమైనదే. మంచు ట్రెక్కుకు మొదటిసారి వెళ్తున్నవారు పై పొరగా మిట్టెన్లను ఎంచుకోవాలి. వేళ్లతో పని పడినప్పుడు మిట్టెన్ తీస్తే లోపల లైనరు, ఫ్లీస్ ఉంటాయి కాబట్టి చర్మం బయటపడదు. మంచు గొడ్డలి, తాడు వాడే పర్వతారోహణ శిక్షణకు వెళ్లేవారికి మాత్రం వేళ్లు విడిగా ఉన్న గ్లౌజులు తప్పవు. చూపుడువేలిని విడిగా ఉంచే మూడు వేళ్ల రకం ఈ రెంటికీ మధ్యది. అది దొరికి, చేతికి సరిపోతే మంచిదే గానీ దానికోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోవాల్సిన పని లేదు.

5. చేతి కొలత తీసుకోండి

1. మీరు ఎక్కువగా వాడే చేతిని చాచి, బొటనవేలిని వదిలేసి, వేళ్ల మొదళ్ల దగ్గర కణుపుల మీదుగా అరచేతి చుట్టూ టేపు పెట్టి కొలవండి. టేపు బిగించకూడదు.
2. మధ్యవేలి కొస నుంచి అరచేయి మణికట్టును కలిసే గీత వరకు పొడవు కొలవండి.
3. చుట్టుకొలతను అంగుళాల్లో రాసుకోండి. చాలా కంపెనీల పట్టికల్లో గ్లౌజు సంఖ్య ఈ అంగుళాలకు దగ్గరగా ఉంటుంది. అయినా ఒక్కో కంపెనీ కొలత ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఆ కంపెనీ పట్టికను తప్పక చూడండి.
4. లైనర్లను మీ కొలతకే తీసుకోండి. మధ్య పొరను లైనరు వేసుకున్న చేతితో, పై పొరను ఆ రెండూ వేసుకున్న చేతితో తొడిగి చూశాకే తీసుకోండి.

సరిగ్గా అమరిన పై పొరలో చేయి చాచినప్పుడు వేళ్ల కొసల ముందు సుమారు అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పిడికిలి బిగించినప్పుడు కణుపుల మీద గుడ్డ లాగినట్టు అనిపించకూడదు. రెండు కొలతల మధ్య సందేహం వస్తే లైనరు విషయంలో చిన్నదానివైపు, పై పొర విషయంలో పెద్దదానివైపు మొగ్గండి.

సన్నని చేతులున్న స్త్రీలకు అందరికీ సరిపోతాయని అమ్మే జతల్లో అతి చిన్నది కూడా పెద్దదవుతుంది. అటువంటప్పుడు స్త్రీల కొలతల్లో గానీ, పెద్ద పిల్లల కొలతల్లో గానీ చూడటం మేలు. వేలి కొసల దగ్గర ఎక్కువ ఖాళీ ఉంటే జిప్పు కూడా పట్టుకోలేరు.

6. లేబుల్ మీది మాటలు చదవడం నేర్చుకోండి

థిన్సులేట్ వంటి నారల పేర్ల పక్కన 40 గ్రాములు, 100 గ్రాములు, 200 గ్రాములు అని రాసి ఉంటుంది. అది గ్లౌజు బరువు కాదు. లోపల వాడిన నార చదరపు మీటరుకు ఎంత తూగుతుందో చెప్పే సంఖ్య. ఒకే రకం నారలో సంఖ్య పెరిగితే వెచ్చదనం పెరుగుతుంది, వేళ్ల కదలిక తగ్గుతుంది. వేర్వేరు కంపెనీల నారలను ఈ సంఖ్యతో పోల్చడం సరికాదు.

కొన్ని గ్లౌజుల మీద ఈఎన్ 511 అనే యూరప్ ప్రమాణం గుర్తు, దాని కింద మూడు అంకెలు ఉంటాయి. మొదటిది చుట్టూ ఉన్న చలిగాలికి తట్టుకునే స్థాయి, రెండోది చల్లని వస్తువును పట్టుకున్నప్పుడు తట్టుకునే స్థాయి. ఈ రెండూ 0 నుంచి 4 వరకు ఉంటాయి. మూడోది నీటికి సంబంధించినది: 1 ఉంటే నీటి పరీక్షలో నెగ్గినట్టు, 0 ఉంటే నెగ్గనట్టు. అంకె స్థానంలో ఎక్స్ ఉంటే ఆ పరీక్ష చేయలేదని అర్థం. ట్రెక్కింగు గ్లౌజుల్లో చాలావాటికి ఈ గుర్తు ఉండదు. లేనంత మాత్రాన అవి నాసిరకం కావు.

వాటర్ రెసిస్టెంట్ అని ఉంటే తుంపరను కాసేపు ఆపుతుందని మాత్రమే అర్థం. వాటర్‌ప్రూఫ్ అని ఉండి, లోపల గోర్‌టెక్స్ వంటి నీరు చొరబడని పొర ఉన్నట్టు రాసి ఉంటే దాన్ని నమ్మవచ్చు. మైనస్ ఇన్ని డిగ్రీల వరకు అని అట్టమీద వేసిన ఉష్ణోగ్రతను మాత్రం ఆధారంగా తీసుకోకండి. మీరు నడుస్తున్నారా, నిలబడ్డారా, తిన్నారా లేదా అన్నదాన్ని బట్టి ఆ హద్దు మారిపోతుంది.

7. దుకాణంలో చేయాల్సిన పరీక్ష

మీ లైనర్లను, ఒక నీళ్ల సీసాను, తలదీపాన్ని వెంట తీసుకెళ్లండి. అన్ని పొరలూ వేసుకుని కింది పనులు చేసి చూడండి.

- పిడికిలి 10 సార్లు బిగించి వదలండి. ఏ వేలి మీదా ఒత్తిడి ఉండకూడదు.
- కర్ర గానీ, గొడుగు పిడి గానీ పట్టుకోండి. పట్టు జారకూడదు.
- సీసా మూత తీయండి, దీపం వెలిగించండి.
- జాకెట్ వేసుకుని చేయి పైకెత్తండి. గ్లౌజు అంచుకూ జాకెట్ చేతికీ మధ్య చర్మం కనిపించకూడదు.
- రెండో చేత్తో గానీ, పళ్లతో గానీ గ్లౌజు అంచు తాడు బిగించగలుగుతున్నారేమో చూడండి.
- పై పొరను తీయండి. లోపలి గుడ్డ వేళ్లతోపాటు తిరగబడి బయటికి రాకూడదు. తడి చేతులతో తీసినప్పుడు ఈ లోపం ఇంకా ఎక్కువై, గ్లౌజును మళ్లీ తొడగడమే కష్టమవుతుంది.
- మణికట్టుకు తగిలించుకునే తాడు ఉందో లేదో చూడండి. లేకపోతే ఇంట్లో సాగే తాడు కుట్టుకోవచ్చు. గాలికి ఒక మిట్టెన్ లోయలోకి ఎగిరిపోతే దాన్ని తెచ్చుకునే దారి ఉండదు.

8. ఇంటి దగ్గర పరీక్ష

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మైనస్ చలి దొరకదు. ఫ్రిజ్‌లోని ఫ్రీజరు మాత్రం సుమారు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒక నీళ్ల సీసాను ముప్పావు వంతు నింపి గడ్డకట్టించండి. మూడు పొరలూ వేసుకుని ఆ సీసాను 5 నిమిషాలు గట్టిగా పట్టుకోండి. అరచేతికి చలి సూటిగా తగిలితే అక్కడ పొర పలుచగా ఉన్నట్టు. వేళ్ల కొసలకే చలి తగిలితే గ్లౌజు బిగుతుగా ఉందేమో మళ్లీ చూడండి. ఇందులో కొండ మీది గాలి ఉండదు కాబట్టి, ఇది జతల మధ్య తేడా తెలుసుకోవడానికే పనికొస్తుంది.

తడి పరీక్షకు పై పొర లోపల ఒక టిష్యూ కాగితం పెట్టి, అంచు తడవకుండా పట్టుకుని, కుళాయి కింద 2 నిమిషాలు ఉంచండి. కాగితం చెమ్మగిల్లిన చోట కుట్టు లోపం ఉన్నట్టు. ఈ రెండు పరీక్షలూ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే చేస్తే మార్చుకోవడానికి వ్యవధి ఉంటుంది. ట్రెక్కు మొదలయ్యే సంక్రి వంటి బేస్ క్యాంపు ఊళ్లలో అద్దెకు తీసుకునేవారు కూడా కుట్లు, అంచు తాళ్లు చూసుకునే తీసుకోవాలి.

9. శిఖరం రోజున పాటించాల్సిన క్రమం

1. రాత్రి పడుకునేటప్పుడు ఆరిన లైనర్లను, ఫ్లీస్ గ్లౌజులను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. తెల్లవారుజామున గడ్డకట్టిన గ్లౌజులో వేళ్లు పెడితే వాటిని మళ్లీ వెచ్చబరచడానికి చాలాసేపు పడుతుంది.
2. ఉంగరాలు, గాజులు, కడియాలు తీసేయండి. లోహం వేడిని లాగేస్తుంది, ఎత్తులో వేళ్లు ఉబ్బితే ఉంగరం రక్తాన్ని అడ్డుకుంటుంది. గాజుల మీద గ్లౌజు అంచు సరిగ్గా మూసుకోదు. మొక్కు దారాలు తడిస్తే మణికట్టు దగ్గర చల్లగా ఉండిపోతాయి. వాటిని తీయడం ఇష్టంలేనివారు మోచేతి వైపు పైకి జరుపుకోవాలి.
3. గుడారంలో ఉండగానే, చేతులు వెచ్చగా ఉన్నప్పుడే లైనర్లు తొడుక్కోండి. మైక్రోస్పైకులు, గెయిటర్లు లైనర్లతోనే తగిలించుకోండి.
4. బయలుదేరేముందు మధ్య పొర, పై పొర వేసుకోండి. చేతులు చల్లబడ్డాక వేసుకోవచ్చని ఆగకండి.
5. ఎక్కుతూ చెమట పట్టినట్టు అనిపించగానే ఒక పొర తీసి జాకెట్ లోపల పెట్టుకోండి. చెమటతో తడవడం మంచుతో తడవడం కన్నా తక్కువ హాని ఏమీ కాదు.
6. ఆగిన ప్రతిసారీ, చలి తెలియకముందే పై పొర మళ్లీ వేసుకోండి.
7. శిఖరం మీద లైనర్లు మార్చి ఆరిన జత వేసుకోండి. ఈ పని గాలి తగలని బండ చాటున ఒక్కో చేతికి విడివిడిగా చేయండి.

గ్లౌజులో పెట్టుకునే వేడి పొట్లాలు వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాటిలోని ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి వేడి కూడా తగ్గుతుంది. బయలుదేరడానికి 20 నిమిషాల ముందే విప్పి, గాలి తగలనిచ్చి, లైనరు మీద చేతి వెనుక వైపున పెట్టుకోండి. చర్మానికి నేరుగా తగిలిస్తే కాలుతుంది. బ్యాటరీతో వేడెక్కే గ్లౌజులు కొన్నవారు విమానంలో ఆ లిథియం బ్యాటరీలను విడిగా తీసుకెళ్తుంటే చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

చేతులు చల్లబడితే గ్లౌజుల్నే తప్పుపట్టడం. ముందుగా టోపీ, మెడ పట్టీ, జాకెట్ సరిచేసుకోండి, ఏదైనా తినండి. శరీరం మధ్యభాగం వెచ్చగా ఉంటేనే వేళ్లకు రక్తం వస్తుంది.

ఫొటోల కోసం ఉత్త చేతులు బయటపెట్టడం. ఫోను తెర మీద పనిచేసే కొసలున్న లైనర్లు తీసుకోండి. అవి తడిస్తే సరిగ్గా పనిచేయవు కాబట్టి వాల్యూమ్ బటన్‌తో ఫొటో తీసే ఏర్పాటు ముందే చేసుకోండి.

కర్రను బిగించి పట్టుకోవడం. పిడికిలి బిగిస్తే రక్తం ఆడదు. కర్ర పట్టీ మీద భారం వేసి, వేళ్లను వదులుగా ఉంచండి.

తీసిన గ్లౌజులను మంచు మీద పెట్టడం. లోపలికి మంచు చేరుతుంది. జాకెట్ లోపల పెట్టుకోండి, లేదా మణికట్టు తాడుకు వేలాడనివ్వండి.

చలి పోతుందని పొగ తాగడం, మద్యం పుచ్చుకోవడం. పొగ వేళ్ల రక్తనాళాలను కుంచింపజేస్తుంది. మద్యం వెచ్చగా అనిపించేలా చేసి, ఒంటి వేడిని బయటికి పంపేస్తుంది. రెండింటినీ పూర్తిగా మానేయాలి.

11. వేళ్లు మొద్దుబారితే

మొదట చేతిని పెద్ద వలయంలా భుజం నుంచి వేగంగా తిప్పండి, రక్తం వేళ్ల కొసలకు చేరుతుంది. తర్వాత గ్లౌజు తీసి వేళ్లను చంకలో గానీ, పొట్ట మీద గానీ పెట్టుకోండి. మంట, పోట్లు వస్తే స్పర్శ తిరిగి వస్తోందన్నమాట.

వేలు తెల్లగానో బూడిద రంగులోనో మారి, మైనంలా గట్టిపడి, స్పర్శ తిరిగి రాకపోతే అది మంచుకాటు కావచ్చు. గైడుకు వెంటనే చెప్పి కిందికి దిగాలి. ఆ వేలిని రుద్దకూడదు, మంచుతో మర్దన చేయకూడదు, మంట దగ్గర కాచకూడదు. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం ఉన్నప్పుడు దాన్ని కరిగించే ప్రయత్నం కూడా చేయకూడదు. సురక్షితమైన చోటికి చేరాక 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో వెచ్చబరచడం వైద్యుల పర్యవేక్షణలో జరగాలి. ఆ స్థితిలో శిఖరం ఎంత దగ్గరగా కనిపించినా ముందుకు వెళ్లకండి.

12. ఆరబెట్టడం, ఉతకడం, దాచడం

క్యాంపులో తడి లైనర్లను పిండి, జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటే ఒంటి వేడికే ఆరుతాయి. మంట పక్కన ఆరబెడితే కృత్రిమ నార కరిగిపోతుంది, తోలు బిరుసెక్కి పగులుతుంది.

ఇంటికి వచ్చాక లైనర్లను, ఫ్లీస్‌ను చల్లని నీటిలో తక్కువ సబ్బుతో ఉతకండి. బట్టలు మెత్తబడేందుకు వాడే ద్రవాలు వద్దు, అవి చెమట పీల్చే గుణాన్ని చెడగొడతాయి. పై పొరను లేబుల్ మీద చెప్పినట్టే ఉతికి, నీడలో వేళ్లు పైకి ఉండేలా పెట్టి పూర్తిగా ఆరబెట్టండి. నీటి చుక్కలు పైన నిలవకుండా గుడ్డలోకి ఇంకుతుంటే నీటిని నిరోధించే స్ప్రే మళ్లీ కొట్టాలి. మన తీర ప్రాంతాల ఉక్కపోతలో తేమ ఉండిపోతే లోపల బూజు పడుతుంది కాబట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టకుండా, గాలి ఆడే గుడ్డసంచిలో వేసి, వర్షాకాలంలో ఒకసారి బయటికి తీసి ఆరేయండి.